రెండో జహాజు పొగ

అప్పలరాముడు తన్ను తాను ఆర్టిస్టునని చెప్పుకునేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాలంటే ఊళ్ళో ఇంకో ఆర్టిస్టు ఉండాలి కదా. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి యాభైమూడులో ఓడెక్కి వచ్చినప్పుడు అతనికి దొరికిన పని, చాతం రంపపు మిల్లులో పడౌక్ దుంగల కొసల మీద తెల్లరంగుతో నంబర్లు వెయ్యడం. ఆరేళ్ళపాటు అదే పని. "ఇండియా మొత్తమ్మీద నానేసినన్ని అంకెలు ఏసిన ఆర్టిస్టు ఇంకొకడు నేడు" అని తనే నవ్వేవాడు. తర్వాత కొట్ల బోర్డులకి, లాంచీల పేర్లకి ఎదిగాడు. అక్షరాలు బాగానే కుదిరేవి. మనుషులే కుదిరేవారు కాదు. ఒకసారి నాటకం తెర మీద హనుమంతుణ్ణి వేస్తే పిల్లలు ఎలుగుబంటి అని కేకలు పెట్టారు. ఆ దీవుల్లో ఎలుగుబంట్లు లేవు, పిల్లలు వాచకంలో తప్ప దాన్ని చూడలేదు. అయినా గుర్తుపట్టారంటే బొమ్మలో పస ఉన్నట్టే కదా అని సర్దుకున్నాడు.

అలాంటివాడి దగ్గరికి అరవై తొమ్మిదిలో ఒక ఉదయం నారాయణమూర్తి మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. ఆయన బళ్ళో తెలుగు చెప్పేవాడు. మిడిల్ పాయింట్ బజారు కొట్లవాళ్ళ కమిటీకి అర్జీలు రాసిపెట్టేవాడు, ఆ పాపానికి ఆయన్నే ప్రెసిడెంటుని చేశారు.

"అప్పలరాముడూ, కొత్త సిమెంటు కొట్లు తయారయ్యాయి. నెల తిరక్కుండా ప్రారంభం. నడవాలో పెద్ద బొమ్మ ఒకటి పెట్టాలని కమిటీ తీర్మానం. అరవై ఒకటి నాటి మంటల బొమ్మ. ఏ బూడిదలోంచి లేచామో మన పిల్లలకి తెలియాలి కదా."

"ఫొటో ఏదైనా ఉందా మాస్టారూ?"

"ఊళ్ళో ఉన్న ఒక్క స్టూడియో ఆ మంటల్లోనే పోయిందయ్యా. అయినా నీకు ఫొటో ఎందుకు? కళ్ళారా చూసినవాడివి! జ్ఞాపకం మీద లాగించెయ్."

"సూసినాను మాస్టారూ" అన్నాడు అప్పలరాముడు. అది అబద్ధం కాదు. అతనికి తెలిసినంతగా ఆ మంట ఇంకెవరికీ తెలియదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ రోజుల్లో నెలకి రెండుసార్లు మద్రాసు ఓడ వచ్చేది. ఉత్తరాలు, ఉల్లిపాయలు, పాతబడ్డ పేపర్లు, పెళ్ళిచూపులకొచ్చే పెళ్ళికొడుకులు, అన్నీ దాన్లోనే దిగేవి. ఓడ కూత వినపడితే చాలు, ఊరు ఊరంతా చాతం జెట్టీకి పోయేది. ఎవరూ కొట్లకి తాళాలు కూడా వేసేవారు కాదు. దొంగ కూడా జెట్టీకే పోతాడు కాబట్టి తాళంతో పనేముంది?

మిడిల్ పాయింట్‌లో అప్పుడు పదిహేడు కొట్లు ఒకే వరసగా ఉండేవి. చెక్క గోడలు, రేకు కప్పులు. చివరి కొట్టు ఎరుకమ్మది. టీ, ఇడ్డెన్లు. మొగుడు పోయిన మనిషి, ఒక్క కొడుకు. ఆ కొట్టు పక్క పాకలోనే అప్పలరాముడి రంగుల డబ్బాలు ఉండేవి. ఆ మధ్యాహ్నం కూత వినపడగానే ఎరుకమ్మ పొయ్యిలో కట్టెలు లాగేసి, నిప్పుల మీద బూడిద కప్పి జెట్టీకి వెళ్ళిపోయింది. అప్పలరాముడు ఒక్కడే మిగిలాడు. అతనికి వార్నిష్ కావాలి. మద్రాసు వార్నిష్ ఎప్పుడూ వచ్చే ఓడలోనే ఉండేది గాని వచ్చిన ఓడలో ఉండేది కాదు. అందుకని అవిసె నూనెలో గుగ్గిలం వేసి తనే కాచుకునేవాడు. ఖాళీగా ఉన్న పొయ్యి కనపడింది. బూడిద చెదరగొట్టి, నాలుగు పుల్లలు పెట్టి, ఊదుగొట్టంతో బుసబుసా ఊది, నూనె డబ్బా ఎక్కించాడు. ఇంతలో రెండో కూత వినపడింది.

అంతకు వారం ముందే అతను హార్బరు లాంచీకి 'జలపరి' అని నీలంరంగుతో, ఎర్ర నీడతో పేరు రాశాడు. ఓడకి ఎదురెళ్ళి తాడు అందుకునేది ఆ లాంచీయే. జెట్టీ మీద వెయ్యిమంది ఆ పేరు చదువుతారు. చదివి, "రాసిందెవర్రా?" అంటారు. అలా అన్నప్పుడు రాసినవాడు అక్కడ లేకపోతే ఎంత అన్యాయం! ఐదు నిమిషాల్లో వచ్చేస్తాననుకుని డబ్బాని పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాడు.

జెట్టీ మీద ఎవరూ 'జలపరి' చదవలేదు. అందరూ ఓడనే చూస్తున్నారు. కాసేపటికి అప్పలరాముడు చిన్నబోయి వెనక్కి తిరిగితే, కొండ అవతల నల్లగా పొగ లేస్తోంది. పొగంటే ఓడేనని ఆ దీవుల్లో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. పైగా కొండ అవతల అబర్డీన్ వైపు కూడా సముద్రమే. అందరికంటే ముందు కనిపెట్టింది తనేనన్న సంబరంలో పీపా ఎక్కి గొంతు చించుకున్నాడు.

"అరే భాయ్! దూస్రా జహాజ్! అబర్డీన్‌కి ఇంకో జహాజొచ్చింది!"

జనం పొగ వైపు చూశారేగాని అరిచినవాడెవడో చూడలేదు. సగం మంది అబర్డీన్‌కి పరిగెత్తారు. మిగతా సగం ఏ ఓడలో ఉల్లిపాయలుంటాయో తేల్చుకోలేక ఉన్నచోటే ఉండిపోయారు. అది ఓడ కాదని తెలిసి అందరూ బాల్చీలతో మిడిల్ పాయింట్ చేరేసరికి పదిహేడు కొట్లూ నేలమట్టమయ్యాయి. దేవుడి దయ, ప్రాణాలేవీ పోలేదు. బూడిద మీద మూడు రోజులపాటు సాంబ్రాణి పొగ వేసినట్టు ఒక వాసన నిలిచింది. పూజాసామాను కొట్టు కాలింది కాబట్టి కాబోలనుకున్నారు. చివరి కొట్టు దగ్గర మొదలైందని మాత్రం రేకులు చూసి పోలీసులు తేల్చారు. ఎరుకమ్మ పొయ్యి సరిగ్గా ఆర్పలేదన్నారు.

అప్పట్నుంచి ఊళ్ళో దానికి 'ఎరుకమ్మ మంట' అని పేరు పడిపోయింది. "మా పిల్ల ఎరుకమ్మ మంట తర్వాత మూడో నెలలో పుట్టింది" అని లెక్కలు చెప్పుకునేవారు. ఎరుకమ్మ ప్రోతరాపూర్ పోయి కొడుకు దగ్గర చేరింది. బస్సు ఆగేచోట కూర్చుని కొబ్బరిబొండాలు, అరటిపళ్ళు అమ్మేది. నిప్పుతో పనిలేని సరుకే అమ్మేది. ఇంట్లో కూడా పొయ్యి కోడలు గురువమ్మే ముట్టించాలి. ఎనిమిదేళ్ళుగా ఎరుకమ్మ అగ్గిపెట్టె ముట్టుకోలేదు. ఇది ఊరందరికీ తెలుసు. అప్పలరాముడికి అందరికంటే ఎక్కువ తెలుసు.

తెలిసి ఏం చేశాడయ్యా అంటే, కథలు చెప్పాడు. మొదటి ఏడు తను రేకు కప్పు మీదికెక్కి నీళ్ళు పోశానన్నాడు. రెండో ఏడు రెండు కొట్లు ఆర్పానన్నాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, అతను ఆర్పిన కొట్లు లెక్కేస్తే కాలిన కొట్లకంటే ఎక్కువ తేలాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నాకంటే నయం, నిప్పు అడిగాడేగాని పెట్టలేదు కదా అని అప్పలరాముడు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ అనుకునేవాడు. అనుకుని, మీసం సరిచేసుకుని, మళ్ళీ అదే కథ చెప్పడానికి వెళ్ళేవాడు.

సరే, బొమ్మ మొదలుపెట్టాడు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటుని పెరట్లో పనసచెట్టుకి ఆనించి, బోర్డులకి వాడే ఎనామిల్ రంగులు కలిపాడు. మంటలు మహా బాగా కుదిరాయి. పెళ్ళాం గవరమ్మ బియ్యం ఏరుకుంటూ వచ్చి చూసి, "బంతితోట బాగా పూసింది మావా, మంటలెప్పుడేస్తావు?" అని అడిగింది. అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మంటల్లో కాస్త నలుపు కలిపాడు.

బొమ్మ సంగతి తెలిసి జనం రావడం మొదలైంది. ప్రతివాడికీ బొమ్మలో చోటు కావాలి. బట్టల కొట్టు రమణయ్య తనని బాల్చీతో ముందు వరసలో వెయ్యమన్నాడు. నిజానికి ఆ రోజు రమణయ్య ఉల్లిపాయల మూట భుజాన వేసుకుని వచ్చి, మంట పూర్తిగా చల్లారేదాకా ఆ మూట దించలేదు. టైలర్ కరీం భాయ్ "మిషన్ మోసుకొస్తున్నట్టు దిఖావో భయ్యా, థోడా జవాన్ చెయ్యి, వయసు తగ్గించి వెయ్యి" అన్నాడు. ఆ మిషన్ ఇనపముద్దైపోయి ఇప్పటికీ వాళ్ళింటి తలుపు మూసుకుపోకుండా అడ్డుగా పడుంది. అప్పలరాముడు ఎవర్నీ కాదనలేదు. అబద్ధాల విషయంలో ఒకరికి నీతులు చెప్పే అర్హత తనకి లేదని అతనికి బాగా తెలుసు.

చివరికి బొమ్మంతా నిండింది గాని కుడివైపు మూల ఒక్కటీ మిగిలిపోయింది. అది ఎరుకమ్మ కొట్టు. అక్కడ బూడిదరంగు పొగ వేశాడు. మర్నాడు ఇంకో పూత వేశాడు. ఆరు పూతలయ్యాయి. పొగ ప్లైవుడ్ మీద కురుపులా లేచింది.

మాస్టారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "అంతా భేష్. ఈ మూలేమిటోయ్, మబ్బు పట్టినట్టుంది? ఎరుకమ్మ పొయ్యి కదా ఇక్కడుండాలి! మంట పుట్టినచోటు లేకపోతే బొమ్మకి అర్థమేముంది? పొయ్యి వెయ్యి. అది చూసి అయినా జనం నిప్పు ఆర్పడం నేర్చుకుంటారు."

"ఎయ్యాలంటారా?"

"చరిత్రయ్యా! చరిత్రకి మొహమాటం ఉండకూడదు."

కొత్త కొట్లు పదహారూ పాతవాళ్ళకే ఇస్తున్నారు. పదిహేడో గది కమిటీ ఆఫీసుకన్నారు. అప్పలరాముడు ఎరుకమ్మ పేరెత్తితే రమణయ్య, "మళ్ళీ పొయ్యి పెట్టిస్తావేటి? బాబోయ్, చాలు!" అని దండం పెట్టేశాడు. ఇప్పుడు ఆ పొయ్యిని తన చేత్తో వేసి నడవాలో మేకు కొడితే, ఎరుకమ్మ పోయాక కూడా ఆమె మనవలు దాని కిందనుంచే నడవాలి. అప్పలరాముడికి ఆ రోజు చెయ్యి ఆడలేదు.

మర్నాడు ప్రోతరాపూర్ బస్సెక్కాడు. నిజం చెప్పడానికి వెళుతున్నానని మనసుకి చెప్పాడు. పొయ్యి ఎలా ఉండేదో కనుక్కోవడానికి వెళుతున్నానని పెళ్ళానికి చెప్పాడు. ఈ రెంటిలో తను ఏది చేస్తాడో బస్సు దిగకముందే అతనికి తెలిసిపోయింది.

ఎరుకమ్మ బొండం కొట్టి చేతికిచ్చింది. "తాగు రాముడూ. ఎండన పడొచ్చినావు."

"అప్పా" అన్నాడు, తన పల్లెలో అక్కని పిలిచినట్టు. "మంటల బొమ్మేస్తన్నాను. నీ పొయ్యి ఎలాగుండేదో గుర్తు నేదు."

తను ఊది ఊది రాజేసిన పొయ్యి గుర్తులేదట! ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు అప్పలరాముడికి తన మీద అసహ్యం కూడా వెయ్యలేదు, ఆశ్చర్యం వేసింది. ఎంత గొప్ప నటుణ్ణి పోగొట్టుకుంది నాటకరంగం అనుకున్నాడు.

ఎరుకమ్మ చెయ్యి తుడుచుకుని, నేల మీద పుల్లతో గీసి చూపించింది. "రెండు కళ్ళ మట్టిపొయ్యి. మూతి సముద్రం ఏపు. నానే అలికినాను." గీసిన పొయ్యి మీద పుల్లతో కాస్త మన్ను లాగింది. "ఆ రోజు బూడిద కప్పీసే ఎల్లినాను రాముడూ. కప్పీసినాననే అనుకుంటన్నాను. ఒకపాలి కప్పినానో, రెండుపాల్లు కప్పినానో... పడుకుంటే సాలు, అదే లెక్క. జహాజ్ జహాజ్ అని ఆత్రం. కప్పకుండానే ఎల్లిపోనానేమో." ఆమె పుల్ల పక్కన పడేసింది. "బొమ్మలో పొయ్యి ఒక్కదాన్నే ఎయ్యకు. పక్కన నన్ను కూడా ఎయ్యి. పొయ్యి ఏటి సేసింది, పాపం? తప్పు నాది."

అప్పలరాముడు బొండం పూర్తిగా తాగకుండానే లేచాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. పక్క సీటు ఆయన దుమ్ము పడిందా అని అడిగితే, ఆ ఒక్కరికి కూడా అవునని అబద్ధమే చెప్పాడు.

ఇంటికి రాగానే పొగ మూల గీకేశాడు. ఆరు పూతలు గీకడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తర్వాత వేసిన బొమ్మకి అతను కష్టపడలేదు, ఏమీ కల్పించలేదు. చెయ్యి దానంతటదే నడిచింది. రెండు కళ్ళ పొయ్యి, సముద్రం వైపు మూతి, పక్కకి చెదరగొట్టిన బూడిద, పైన నూనె డబ్బా. డబ్బా ముందు గొంతుక్కూర్చుని, బుగ్గలు ఉబ్బించి ఊదుగొట్టం ఊదుతున్న బక్కమనిషి. చెవిలో బ్రష్షు, చొక్కా వీపున నీలంరంగు మరక. జీవితంలో మొదటిసారి అతను వేసిన మనిషి మనిషిలా ఉన్నాడు.

గవరమ్మ వచ్చి చూసింది. ఈసారి బంతిపూల మాట ఎత్తలేదు. "ఇది నువ్వే" అంది. అతను తలూపాడు. ఆమె చేట అక్కడే పెట్టి లోపలికెళ్ళిపోయింది.

కమిటీ వాళ్ళు బొమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు అప్పలరాముడు గుండె చిక్కబట్టుకుని అంతా చెప్పేశాడు. చెప్పాక తంతారనుకున్నాడు. వాళ్ళు నవ్వారు.

"అందర్నీ బొమ్మలో ఎక్కించాను, నేను మాత్రం ఎందుకు మిగిలిపోవాలని నువ్వూ దూరావన్నమాట!" అన్నాడు మాస్టారు.

"కాదు మాస్టారూ, నిజంగా నానే ముట్టించినాను. జెట్టీ మీద రెండో జహాజని అరిసింది కూడా నానే."

"ఇదిగో, హద్దుండాలి. ఒక్క మనిషి ఒక్క పూటలో ఇన్ని వెధవ పనులు ఎలా చేస్తాడయ్యా?"

తన జీవితంలో మొదటిసారి నిజం చెబితే సాక్ష్యం అడుగుతున్నారు. ఎనిమిదేళ్ళు అబద్ధాలు చెప్పినప్పుడు ఒక్కడూ అడగలేదు. అప్పలరాముడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊరందరి ముందూ దొంగనని ఒప్పుకోవడానికి బతిమాలుకోవలసిన దొంగ తనొక్కడే అయి ఉంటాడు. లోపలికెళ్ళి ఇప్పుడు వాడుతున్న వార్నిష్ డబ్బా తెచ్చాడు. రెండు పుల్లల మీద వెచ్చబెట్టి కరీం భాయ్ ముక్కు దగ్గర పెట్టాడు.

కరీం భాయ్ ఒక్క పీల్పుతో వెనక్కి జరిగాడు. "యా అల్లా! ఇదే బూ, ఇదే వాసన! మూడు రోజులు బూడిదలో వచ్చింది. పూజా దుకాణం అనుకున్నాం... ఇదే, మాస్టర్‌జీ, ఇదే!"

ఎవరూ నవ్వలేదు. రమణయ్య ముందుకొచ్చి చెంప పగలగొట్టాడు. "నీ రెండో జహాజ్ కోసం అబర్డీన్ దాకా పరిగెత్తినాన్రా, కొడకా!" అని రెండో చెంప కూడా వాయించాడు. అప్పలరాముడికి ఆ రెండు దెబ్బలతో ఒళ్ళు తేలికైంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పదిహేడో గది ఎరుకమ్మది. ఆఫీసు మా ఇంటి వరండాలో పెట్టుకుందాం" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ప్రారంభం రోజున ఎరుకమ్మని కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎందుకు రమ్మన్నారో ఆమెకి చెప్పలేదు. ఆ మాట చెప్పాల్సింది అప్పలరాముడేనని మాస్టారు పట్టుబట్టాడు. నడవాలో జనం పక్కకి తప్పుకున్నారు. ఎరుకమ్మ బొమ్మ ముందు నిలబడి కుడి మూల వెతుక్కుంది.

"పొయ్యి బాగానే కుదిరింది. ఈడెవుడు?"

"నానే అప్పా."

"ఏటి సేస్తన్నావు?"

"నువ్వెల్లాక బూడిద సెదరగొట్టి, పుల్లలెట్టి ఊదుతున్నాను. నా నూనె కాసుకోడానికి. పొంగి అంటుకున్నాది. ఎనిమిదేళ్ళు సెప్పనేదు అప్పా."

ఎరుకమ్మ అతని వైపు తిరగలేదు. బొమ్మలో పొయ్యి పక్కన చెదిరి ఉన్న బూడిద మీద వేలు పెట్టింది.

"అయితే నాను కప్పీసే ఎల్లినాను."

"కప్పినావప్పా. మందంగా కప్పినావు. ఊది ఊది నాకు దగ్గొచ్చింది."

"రెండుపాల్లు కప్పినాను" అందామె. "ఇప్పుడు గుర్తొస్తంది. గుమ్మం దాకా ఎల్లి, మళ్ళీ తిరిగొచ్చి కప్పినాను." అని నడవాలో అలాగే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎనిమిదేళ్ళ ఏడుపు. ఎవరూ లేవదియ్యలేదు. లేచాక అప్పలరాముడి మొహం కూడా చూడకుండా, "గురువమ్మా, అగ్గిపెట్టె ఉందా?" అని అడిగింది.

పదిహేడో గదిలో ఆమె తన చేత్తోనే పొయ్యి ముట్టించింది. ప్రారంభానికి వచ్చినవాళ్ళందరికీ టీ పోసింది. అప్పలరాముడు గుమ్మం బయట నిలబడ్డాడు. అతనికి పొయ్యలేదు. వారం తర్వాత 'ఎరుకమ్మ టీ దుకాణం' అని మూడు భాషల్లో బోర్డు రాసి తెస్తే, "అక్కడెట్టి ఎల్లు. పొయ్యికాడికి రాకు" అంది. అతను వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇప్పుడు దానికి 'రాముడి మంట' అని పేరు. పిల్లల పుట్టినరోజులు దాన్నిబట్టే చెబుతారు. అలా విన్నప్పుడల్లా, తన పేరు మద్రాసు దాకా పాకుతుందని ఒకప్పుడు కలగన్న ఆర్టిస్టు, ఎవరి మొహమూ చూడకుండా బ్రష్షు కడుక్కుంటాడు.

ఏడాదిపాటు ఆమె అతనితో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు ఓడ కూసింది. కొట్లన్నీ ఎప్పట్లాగే వదిలేసి జనం బయల్దేరారు. ఎరుకమ్మ నిప్పుల మీద బూడిద కప్పి, దాని మీద చెంబెడు నీళ్ళు కూడా గుమ్మరించి బయటికొచ్చింది. రెండడుగులు వేసి, ఆర్పిన పొయ్యి వైపు వెనక్కి చూసి ఆగింది.

"రాముడేడీ?" అని కేకేసింది.

కొట్ల వెనక వేసుకున్న తన రంగుల పాకలోంచి అప్పలరాముడు తల బయటపెట్టాడు.

"బయటికి రా. నా ముందు నడు."

అప్పట్నుంచి ఓడ వచ్చిన ప్రతిసారీ చాతం జెట్టీకి అప్పలరాముడు ముందు, ఎరుకమ్మ వెనక. దారిలో అతను ఎక్కడైనా ఆగితే ఆమె కూడా ఆగేది.